గోడ మీది బొమ్మ తేనెటీగకు గూడయ్యేలా

నగరంలో తేనెటీగల అవసరాలు ప్రధానంగా మూడు: విడవకుండా పూసే పూలు, గూడు కట్టుకోవడానికి చోటు, పురుగుమందుల బెడద లేని పరిసరం. గోడ మీద ఎంత అందమైన తేనెటీగ బొమ్మ వేసినా, దాని దగ్గర ఇవేవీ లేకపోతే ఆ బొమ్మ చూసే మనుషులకే తప్ప తేనెటీగకు ఉపయోగపడదు. కాబట్టి ఏ కళాకృతి తలపెట్టినా, అది తేనెటీగకు ఏమి ఇస్తుందో ముందుగా నిర్ణయించుకోండి.

ప్రపంచంలో 20 వేలకు పైగా జాతుల తేనెటీగలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం తేనెపట్టు పెట్టవు, తేనె దాచవు; ఆడ ఈగ ఒంటరిగా గూడు కట్టుకుని, అందులో పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద గుడ్డు పెడుతుంది. చాలా జాతులు నేలలోనే గూళ్లు చేసుకుంటాయి. మిగిలినవాటిలో పెక్కు బోలు కాడలను, చెక్కలోని రంధ్రాలను వెతుక్కుంటాయి. కళాకారుడు నిజంగా సాయపడగలిగేది ఇక్కడే అని నా నమ్మకం.

రసాయనాలు పూయని, బాగా ఆరిన గట్టి కలప దుంగను మీకు నచ్చిన ఆకారంలో చెక్కండి. దానికి 3 నుంచి 10 మిల్లీమీటర్ల వ్యాసంతో రకరకాల రంధ్రాలు వేయండి. పెద్ద రంధ్రాలు సుమారు 15 సెంటీమీటర్ల లోతు ఉండాలి, వెనుకవైపు మూసి ఉండాలి. లోపలి చెక్క పేళ్లు ఈగల రెక్కలను చీల్చివేస్తాయి గనుక రంధ్రాల అంచులను ఉప్పుకాగితంతో నున్నగా చేయడం ఎంతో అవసరం. గాజు, ప్లాస్టిక్ గొట్టాలు వాడకండి. వాటిలో తేమ చేరి బూజు పట్టి పిల్లపురుగులు చనిపోతాయి. దుంగను ఉదయపు ఎండ తగిలేలా, వాన నేరుగా పడకుండా, గాలికి ఊగకుండా, నేలకు కనీసం ఒక మీటరు ఎత్తున బిగించండి. ఒకే భారీ శిల్పానికి బదులు చిన్నవి నాలుగైదు దూరదూరంగా పెడితే రోగాలు, పరాన్నజీవులు ఒకచోట పేరుకోవు.

రంగులు ముఖభాగానికే పరిమితం చేసి, అవి పూర్తిగా ఆరి వాసన పోయాకే దుంగను బయట పెట్టండి. స్లొవేనియాలో 18వ శతాబ్దం నుంచే తేనెపెట్టెల ముందు పలకల మీద బొమ్మలు వేసే సంప్రదాయం ఉంది. ఆధునిక తేనెటీగల పెంపకానికి ఆద్యుల్లో ఒకడైన ఆ దేశస్థుడు ఆంటన్ యాన్షా స్వయంగా చిత్రకళ అభ్యసించినవాడు. ఆయన స్మృతిగానే మే 20ని ప్రపంచ తేనెటీగల దినంగా జరుపుతున్నారు. ఈగలు తమ గూటి ద్వారాన్ని చుట్టుపక్కల గుర్తులను బట్టి పోల్చుకుంటాయి కాబట్టి రంధ్రాల వరుసల మధ్య స్పష్టమైన, భిన్నమైన ఆకారాలు వేయండి. తేనెటీగలకు రంగులు తెలుస్తాయని ఆస్ట్రియా జీవశాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1914లో ప్రయోగపూర్వకంగా నిరూపించారు. నీలం, పసుపు వాటికి బాగా కనబడతాయి, ఎరుపు మాత్రం రంగుగా తోచదు.

కుడ్యచిత్రం వేసేటప్పుడు రెక్కలు రెండు జతలనీ, ఆరు కాళ్లూ పొట్ట నుంచి కాక వక్షం నుంచి పుడతాయనీ గుర్తుంచుకోండి. రెండే రెక్కలు వేస్తే అది జోరీగ బొమ్మ అవుతుంది. చిత్రంలోని పూల మొక్కలనే గోడ కింద నాటండి. అవి స్థానిక జాతులై, ఒకటి ముగిసేసరికి మరొకటి పూసేలా ఉండాలి. ముద్దపూలలో పుప్పొడి, మకరందం తరచుగా దొరకవు గనుక రేకపూలకే ప్రాధాన్యమివ్వండి. నర్సరీలో మొక్కలకు పురుగుమందు వాడారేమో తప్పక అడగండి. పక్కనే కొంత నేలను కప్పకుండా, తవ్వకుండా వదిలివేయండి.

ఈగలు రంధ్రాలను మూయడం మొదలుపెట్టాక దుంగను కదపకండి. మూతకు అవి మట్టి వాడాయా, ఆకు ముక్కలా, బంకా అన్నది తారీఖుతో సహా రాసి పెట్టుకుంటే ఎటువంటి ఈగ వచ్చిందో అంచనా దొరుకుతుంది. మరుసటి ఏడాది గోడ మీద ఆ ఈగ బొమ్మనే వేయవచ్చు.