పెద్ద కాఫీ రోస్టర్‌కి డబ్బులు కట్టేముందు

కోరాపుట్ కాఫీ గింజలు పక్కనే దొరుకుతున్నాయి కదా అని మన రాయగడ, జయపురం వైపు ఇంట్లో వేయించుకునేవాళ్ళు ఒక్కసారికి పావుకేజీ వేయించే మెషిన్ వదిలి కేజీ మెషిన్‌కి వెళ్దామనుకుంటే ఇవి చూసుకోండి.

ముందు కరెంటు. 16 యాంప్స్ ప్లగ్గు 230 వోల్టుల దగ్గర లెక్కకి 3680 వాట్ల దాకానే ఇస్తుంది, అదీ వైరింగ్ బాగుంటేనే, ఎక్స్‌టెన్షన్ బాక్స్ జోలికి పోవద్దు. మధ్యలో కరెంటు పోతే గింజల్ని తిప్పే డ్రమ్ము ఆగి అవి లోపలే మాడతాయి (వానాకాలంలో మనకిది మామూలే), అందుకే చేత్తో తిప్పే వీలుందా అని అడగండి.

పొగకి కిటికీ చాలదు, గొట్టం బయటికి పెట్టాల్సిందే. గింజల నుంచి రాలే పొట్టు పేరుకుంటే అంటుకుంటుంది, ప్రతిసారీ దులపండి. లోపల మంట లేస్తే హీట్ ఆపెయ్యండి, మూత తియ్యొద్దు, గాలి తగిలితే ఇంకా లేస్తుంది.

సెకండ్ హ్యాండ్ అయితే బేరింగ్ చప్పుడు వినండి. టెంపరేచర్ ప్రోబ్ (వేడి కొలిచే పుల్ల) తీసి మరిగే నీళ్ళలో పెట్టి చూడండి, 100 రావాలని గొడవపడకండి, కోరాపుట్ ఎత్తులో నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి.

వేగిన గింజలు చల్లార్చే కూలింగ్ ట్రే లేదని బేరం వదులుకోనక్కర్లేదు, పెద్ద జల్లెడ, టేబుల్ ఫ్యాన్ చాలు, కానీ నాలుగైదు నిమిషాల్లో చల్లారాలి.

ఇంకోటి, కేజీ పచ్చి గింజలు వేగాక 850 గ్రాముల దాకా వస్తాయి, నెలలో అంత తాగేవాళ్ళు ఇంట్లో ఉన్నారా? లేకపోతే నా మాట విని అరకేజీదే తీసుకోండి.