లోపలి మూలకు అర మిల్లీమీటరు ఎక్కువ ఇవ్వండి

అల్యూమినియం దిమ్మలో పాకెట్ (లోపలికి తొలిచే గుంట) గీసి మిల్లింగ్‌కి, అంటే యంత్రంతో చెక్కడానికి, పంపిన ప్రతిసారీ "ఈ మూల ఇంత పదునుగా రాదండీ" అని ఫోన్, లేదంటే పెరిగిన రేటు. తిరిగే కట్టర్ గుండ్రంగా ఉంటే లోపలి మూల చదరంగా ఎలా వస్తుంది? తప్పు నా డ్రాయింగ్‌దే.

ఇప్పుడు ఏ కట్టర్ వాడతారో ముందే అడుగుతున్నా. దాని వ్యాసంలో సగానికి అర మిల్లీమీటరు కలిపి మూల రేడియస్ ఇస్తున్నా. 6 మి.మీ. కట్టరైతే 3 కాదు, 3.5. సరిగ్గా 3 ఇస్తే కట్టర్ మూలలోకి వెళ్లి ఆగి దిశ మారాలి, అక్కడ అదిరి గీతలు పడతాయి. గోటితో రాస్తే తెలిసిపోతాయి. పాకెట్ అడుగు అంచుకు మాత్రం రేడియస్ పెట్టకండి, దానికి వేరే కట్టర్ కావాలి.

లోతు కట్టర్ వ్యాసానికి నాలుగు రెట్లు దాటితే ఈ లెక్క కుదరదు. సన్నటి పొడవాటి కట్టర్ వంగుతుంది, కాబట్టి లావు కట్టర్ పట్టేలా రేడియస్ ఇంకా పెంచాలి. చదరపు మూలలున్న భాగం అందులో కూర్చోవాలంటే, మూల దగ్గర కట్టర్ కాస్త బయటికి వెళ్లేలా చిన్న గుండ్రటి ఖాళీ గీస్తే సరి.