తాళం వేసిన పరికరంలోనే మొదటి ప్రోగ్రామ్ రాయడం ఎలా?

1982లో వచ్చిన కమొడోర్ 64 కంప్యూటర్‌కు స్విచ్ వేయగానే బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష తెర మీద సిద్ధంగా ఉండేది. డిస్కులోని ఆటను ఎక్కించడానికి కూడా అక్కడే ఒక ఆజ్ఞ టైపు చేయవలసి వచ్చేది కాబట్టి, ఆడుకోవడానికి కూర్చున్న పిల్లలు ప్రోగ్రామింగ్ గడప తొక్కక తప్పేది కాదు. నేటి ఫోను అంతకన్నా ఎంతో శక్తిమంతమైనదే గాని, తయారీదారు అనుమతించిన యాప్‌లను వాడుకోవడానికే తప్ప సొంతంగా రాసుకోవడానికి అందులో చోటు కనిపించదు. సరదాకు ప్రోగ్రాములు రాసే అలవాటు సన్నగిల్లడానికి ఇది పెద్ద కారణమని నా గట్టి నమ్మకం. అయినా వెదికితే దారులున్నాయి.

కంప్యూటర్ అందుబాటులో ఉంటే, క్రోమ్ గాని ఫైర్‌ఫాక్స్ గాని తెరిచి, ఎఫ్12 మీట నొక్కి, కన్సోల్ అనే భాగంలో 7 * 8 అని రాసి ఎంటర్ నొక్కండి. 56 అని జవాబు వస్తుంది. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మీ చేతికి వచ్చినట్టే. ఇతరులు ఇచ్చిన, మీకు అర్థం కాని కోడ్‌ను మాత్రం అక్కడ అతికించవద్దు.

ఆండ్రాయిడ్ ఫోను మాత్రమే ఉన్నవారు ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల భాండారం నుంచి, ఆజ్ఞలు టైపు చేసి ప్రోగ్రాములు నడిపే టెర్మక్స్ యాప్ తెచ్చుకోవచ్చు. బయటి యాప్‌లకు అనుమతి ఇవ్వాలా అని ఫోను అడిగినప్పుడు ఆ పని మేరకే ఇచ్చి, తరువాత తీసివేయండి. టెర్మక్స్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను ఇన్‌స్టాల్ చేసి, 1 నుంచి 100 వరకు ఫోను ఎంచుకున్న సంఖ్యను మీరు ఊహించే ఆట రాయండి: మీ ఊహ మించితే "ఎక్కువ" అని, తగ్గితే "తక్కువ" అని అది చెప్పాలి. మిగిలిన సంఖ్యలను ప్రతిసారీ సగానికి కోస్తూ పోతే 7 ప్రయత్నాల్లో జవాబు తప్పక దొరుకుతుంది. ఎందుకో కాగితం మీద లెక్క వేసి చూడండి, ఈ అభిరుచిలోని అసలైన ఆనందం నాకు అక్కడే కనిపిస్తుంది. టెర్మక్స్‌ను తొలగిస్తే అందులోని ఫైళ్లు కూడా పోతాయి గనుక మరొక చోట నకలు దాచుకోండి.

ఐప్యాడ్‌లో ప్రోగ్రాములు రాసుకోవడానికి స్విఫ్ట్ ప్లేగ్రౌండ్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఐఫోను మరింత బిగువు: ఆపిల్ ఉచిత ఖాతాతో మీరు ఎక్కించుకున్న సొంత యాప్ 7 రోజులకే ఆగిపోతుంది, ఆ గడువు వద్దనుకుంటే ఏటా 99 డాలర్లు కట్టాలి.

ఫోను ఆన్ అవగానే దాని వ్యవస్థను ఎక్కించే బూట్‌లోడర్ అనే ప్రోగ్రాముకు తయారీదారు వేసిన తాళం తీస్తే ఫోనులోని సమాచారమంతా చెరిగిపోతుంది కాబట్టి, రోజూ వాడే ఫోనుతో ఆ ప్రయోగం వద్దు. దానికి బదులు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొనుక్కోండి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్‌కు దరఖాస్తు చేసేవారిలో ప్రోగ్రామింగ్ అనుభవం తగ్గుతున్నదని గమనించినవారే దానిని రూపొందించి 2012లో విడుదల చేశారు. ఇంకా చౌకైన, పికో అనే చిన్న సర్క్యూట్ బోర్డు కూడా సరిపోతుంది: ఇలాంటి బోర్డుల కోసం చేసిన పైథాన్ రూపమైన మైక్రోపైథాన్‌లో కొన్ని పంక్తులు రాసి దాని మీది ఎల్‌ఈడీని అర సెకనుకోసారి వెలిగించి ఆర్పండి, తరువాత ఆ విరామాన్ని పదో వంతుకు తగ్గించి ఏమవుతుందో చూడండి.