ఇంటి తోటలో వావిలి పొదను పెంచడం ఎలా?

వాగు గట్ల మీదా, చేల కంచెల వెంటా ఎవరూ నాటకుండానే గుబురుగా పెరిగే వావిలిని ఇంటి తోటలోకి తెచ్చుకునేవారు తక్కువ. నిజానికి నీటి ఎద్దడిని తట్టుకుని, పశువులు అంతగా ముట్టని, ఆకు నలిపితే ఘాటైన వాసన వేసే ఈ పొద ఎండ తగిలే ఏ తోటకైనా చక్కగా సరిపోతుంది. సంస్కృతంలో దీనిని సింధువారమనీ, నిర్గుండి అనీ అంటారు. శాస్త్రీయ నామం వైటెక్స్ నెగుండో. ఒకప్పుడు వర్బినేసి కుటుంబంలో చేర్చిన ఈ మొక్కను ఇప్పుడు తులసి, పుదీనాలతో పాటు లామియేసి కుటుంబంలో లెక్కిస్తున్నారు.

ముందుగా మొక్కను సరిగా గుర్తించాలి. ఒక్కొక్క కాడ చివర సాధారణంగా ఐదు ఆకులు, ఒక్కోసారి మూడు, విప్పిన చేతివేళ్లలా ఉంటాయి. ఆకు పైభాగం ముదురాకుపచ్చగా, అడుగుభాగం సన్నని నూగుతో వెండి రంగులో ఉంటుంది కనుక గాలి వీచినప్పుడు పొద మొత్తం ఒక్కసారిగా తెల్లబడినట్లు కనిపిస్తుంది. లేత కొమ్మను రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా తిప్పితే అది గుండ్రంగా కాక నలుపలకలుగా ఉన్నట్లు తెలుస్తుంది. పూలు చిన్నవి, లేత ఊదా రంగువి. కొమ్మల చివర గుత్తులుగా పూసి తేనెటీగలను, సీతాకోకచిలుకలను రప్పిస్తాయి. నర్సరీలలో ఆకు అంచు తెల్లగా ఉండే మొక్కను కూడా వావిలిగా ఇస్తుంటారు. అది దీని దగ్గరి బంధువైన వైటెక్స్ ట్రైఫోలియా కావచ్చు కాబట్టి, ఆకుల లెక్క చూసి, ఒక ఆకు నలిపి వాసన చూశాకే తీసుకోవడం మంచిది.

కొమ్మతో మొక్క కట్టడం

విత్తనంతోనూ వావిలి వస్తుంది గాని ఆలస్యమవుతుంది. కొమ్మ ముక్కలతో కట్టడమే సులువు, అందుకు తొలకరి వానలు పడిన తరువాతి వారాలు అనువైనవి. మరీ లేతది, బాగా ముదిరినది కాకుండా పెన్సిలంత మందమున్న ఆరోగ్యవంతమైన కొమ్మను ఎంచుకుని, మూడు నాలుగు కణుపులు ఉండేలా 20 నుంచి 25 సెంటీమీటర్ల ముక్కలుగా కోయాలి. అడుగు కోత కణుపుకు కొంచెం కింద ఏటవాలుగా, పై కోత అడ్డంగా ఉంటే ఏది పైవైపో తికమక పడనవసరం లేదు. కింది ఆకులన్నీ తీసివేసి, పైన ఉన్న ఒకటి రెండు ఆకులను కూడా సగానికి కత్తిరించాలి. వేర్లు లేని ముక్క తన ఆకుల ద్వారా నీటిని కోల్పోకుండా చేయడానికే ఈ జాగ్రత్త.

ఇసుక, మట్టి సమపాళ్లలో కలిపిన మిశ్రమంలో కనీసం రెండు కణుపులు మునిగేలా నాటి, చుట్టూ మట్టిని వేళ్లతో అదిమి, నీడలో ఉంచాలి. మట్టి తడిగా ఉండాలి, బురద కాకూడదు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. కొమ్మలో దాగి ఉన్న ఆహారంతోనే చిగుళ్లు వేర్ల కన్నా ముందుగా రావచ్చు కాబట్టి, చిగురు కనిపించగానే మొక్క నాటుకుందని అనుకుని లాగి చూస్తే అప్పుడే పుడుతున్న వేర్లు తెగిపోతాయి. కొత్త ఆకులు పూర్తి పరిమాణానికి వచ్చి, కొమ్మ సాగుతూ ఉంటేనే వేర్లు పట్టాయని అర్థం. అప్పటి నుంచి కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయాలి.

నాటడం, నీరు

రోజంతా ఎండ పడే చోటును ఎంచుకోవాలి. నీడలో పొద బతుకుతుంది గాని కొమ్మలు సన్నగా సాగి, పూలు తగ్గుతాయి. సారం తక్కువైన నేల కూడా పనికివస్తుంది. కాని నీరు నిలిచే చోట మొదటి ఏడాది మొక్క నిలదొక్కుకోవడం కష్టం కనుక, బంకమట్టి నేలలో మట్టిని కొంచెం ఎత్తుగా పోసి దానిపై నాటాలి. గుంత 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉంటే చాలు. బాగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు గుప్పిళ్లకు మించి వేయనవసరం లేదు. కంచెగా పెంచేటప్పుడు మొక్కల మధ్య 60 నుంచి 75 సెంటీమీటర్ల దూరం, ఒంటరి పొదకు గోడ నుంచి కనీసం రెండు మీటర్ల దూరం పాటించాలి.

నాటిన మొదటి నెల వారానికి రెండుసార్లు, ఆ తరువాత వేరు మొదట్లో మట్టి ఆరినప్పుడు మాత్రమే నీరు పోయాలి. రెండో వేసవి నాటికి దీనికి పెద్దగా నీరు అవసరం ఉండదు. ప్రేమతో రోజూ నీళ్లు పోసే చేతుల్లోనే ఈ మొక్క ఎక్కువగా దెబ్బతింటుందని నా అభిప్రాయం. కుండీలో పెంచేవారు మాత్రం మట్టిని తరచూ చూసుకోవాలి.

కత్తిరింపు

వావిలి అందమంతా కత్తిరింపులోనే ఉంది. వదిలేస్తే చిన్న చెట్టంత పెరిగి, అడుగున బోసిపోతుంది. పూలు కొత్త కొమ్మల చివరే వస్తాయి కనుక, చలికాలం ముగిసి చిగుళ్లు రాకముందే పాత కొమ్మలను నేల నుంచి 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో కోసివేయాలి. ఇంత తగ్గిస్తే మొక్క పోతుందేమోనన్న భయం వద్దు, మోడు నుంచి దట్టంగా రెమ్మలు వస్తాయి. కోసిన కొమ్మలతోనే మరికొన్ని మొక్కలు కట్టుకోవచ్చు.

ఆకుల సేకరణ

మొదటి ఏడాది ఆకులు కోయకుండా మొక్కను పెరగనివ్వాలి. తరువాత ముదిరిన ఆకులను ఉదయం మంచు ఆరిన వెంటనే కోసి, నీడలో పలుచగా పరిచి ఆరబెట్టాలి. ఎండలో పెడితే వాసన పోతుంది. ధాన్యం నిల్వలో పురుగు పట్టకుండా ఎండు వావిలాకు వేయడం పాత పద్ధతి. పుస్తకాల అలమరలోనూ గుడ్డ సంచిలో ఉంచవచ్చు. వైద్యం కోసం లోపలికి తీసుకోవాలంటే మాత్రం వైద్యుని సలహా తప్పనిసరి, గర్భిణులు మరింత జాగ్రత్త వహించాలి. వేళ్లతో నలిపితే ఆకు పెళుసుగా పొడి అయ్యే దాకా ఆరితేనే నిల్వ చేయాలి, ఏమాత్రం తడి ఉన్నా బూజు పడుతుంది.