బోనవిల్ ఉప్పు నేల మీద పాత టూ స్ట్రోక్ బండి పిస్టన్ పట్టేయకుండా

అమెరికాలోని యూటాలో ఉన్న, బండ్ల వేగ పరుగులు జరిగే బోనవిల్ ఉప్పు మైదానం సుమారు 4,200 అడుగుల ఎత్తులో ఉంది. ఆగస్టు ఎండకు గాలి ఇంకా పలచబడుతుంది. ఊళ్లో సరిపోయిన మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ కొలత నిర్ణయించే చిన్న రంధ్రం) అక్కడ రిచ్ అయి, అంటే గాలికి పెట్రోల్ ఎక్కువై, బండి ఊపు తగ్గుతుంది. అలాగని ఒకేసారి బాగా చిన్న జెట్ వేయకండి. రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్ కొన్ని సెకన్లే, అక్కడ మైళ్ల కొద్దీ. కాస్త లీన్ అయినా, అంటే పెట్రోల్ తగ్గినా, పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేస్తుంది.

పరుగుకు ఒక్క సైజు చొప్పునే జెట్ తగ్గించండి. కొత్త స్పార్క్ ప్లగ్‌తో వెళ్లి, పరుగు చివర ఫుల్ థ్రాటిల్‌లోనే ఇంజన్ ఆపే కిల్ స్విచ్ నొక్కి వెంటనే క్లచ్ పట్టండి. ఐడిల్‌లో నడిపించుకుంటూ తెస్తే ప్లగ్ రంగును నమ్మలేం. ప్లగ్‌లోని పింగాణీ అడుగున లేత గోధుమ రంగు ఉండాలి. తెల్లగా ఉన్నా, పిస్టన్ నుంచి వచ్చిన అల్యూమినియం చుక్కలు కనబడినా జెట్ పెంచాల్సిందే.

జెట్ సరిగ్గా ఉన్నా పెట్రోల్ అందకపోతే అదే గతి. చాలామంది చూడనిది ఇదే! ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, కార్బురేటర్ దగ్గర పైపు తీసి నిమిషంపాటు కొలపాత్రలోకి వదలండి. ట్యాంకు మూత బిగించే ఉంచండి, మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే తెలుస్తుంది. 15 హార్స్‌పవర్ ఇంజన్‌కు 300 మిల్లీలీటర్లు వస్తే నిశ్చింత.