విమర్శించినవారిపై దయ చూపడం ఎలా? రాళ్లు రువ్విన షిమీ కథ నేర్పే మెట్లు

ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఎవరో ఒక మాట అంటారు. "ఈమధ్య మీ పాట శ్రుతిలో ఉండట్లేదమ్మా." అంతే, అప్పటిదాకా విన్న వాక్యమంతా మరుగున పడిపోతుంది. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటున్నా అదే మాట చెవిలో తిరుగుతుంది. "మిమ్మును బాధించువారికొరకు ప్రార్థనచేయుడి" అని యేసు చెప్పింది (లూకా 6:28) మనకు కంఠతా వచ్చు. సోమవారం పొద్దున దాన్ని ఎలా పాటించాలన్నదే కష్టం.

ఈ విషయంలో నాకు ఎక్కువ నేర్పింది రెండో సమూయేలు 16వ అధ్యాయం. కొడుకు అబ్షాలోము తిరగబడితే దావీదు రాజు యెరూషలేము విడిచి పారిపోతున్నాడు. బహూరీము దగ్గర షిమీ అనేవాడు, దావీదుకు ముందు రాజైన సౌలు బంధువు, ఎదురై, నరహంతకుడా అని తిడుతూ రాళ్లు రువ్వాడు.

1. అక్కడికక్కడే జవాబు చెప్పకండి

దావీదు పక్కనున్న అబీషై, "ఈ చచ్చిన కుక్క తల తీసేస్తాను" అన్నాడు. మనకూ ఒక అబీషై ఉంటాడు. "నిన్ను అంత మాటంటే ఊరుకున్నావా?" అని ఎగదోసే చుట్టమో స్నేహితురాలో. దావీదు అతన్ని ఆపాడు. మీరూ ఆ రోజుకు ఫోన్ పక్కన పెట్టండి. వాట్సాప్‌లో రాసిన జవాబు పంపకండి, స్టేటస్‌లో వాక్యం పెట్టి పొడవకండి. వాక్యంతో దెబ్బ కొట్టడం మరీ తప్పని నా నమ్మకం. "సరే అక్కా, ఆలోచిస్తాను" అంటే ఆ పూటకు చాలు.

2. ఆ మాటలో నిజమెంతో చూడండి

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. సౌలు ఇంటివారి రక్తం దావీదు చిందించాడన్నది షిమీ ఆరోపణ. అది నిజం కాదు. సౌలు తన చేతికి చిక్కినా దావీదు అతన్ని రెండుసార్లు ప్రాణంతో వదిలేశాడు. కానీ తన సైనికుడు ఊరియాను చంపించింది మాత్రం దావీదే. నేరం పేరు తప్పు చెప్పినా, రక్తం అన్న మాట తగలాల్సిన చోటే తగిలి ఉంటుంది. దావీదు తన తరఫున వాదించుకోలేదు. శపించమని యెహోవాయే చెప్పి ఉంటాడు, శపించనివ్వండి అన్నాడు.

ఒక క్రిస్మస్‌కు నేను సండేస్కూల్ పిల్లలతో నాటిక వేయించాను. సంఘంలో ఒక పెద్దావిడ అందరి ముందూ, "బట్టల మీద పెట్టిన శ్రద్ధ వాక్యం మీద పెట్టలేదు" అంది. వారం రోజులు నిద్ర పట్టలేదు. అందరి ముందు అనడం తప్పే. కానీ పిల్లలకు ఒక్క వచనం కూడా సరిగా నేర్పలేదన్నది నిజం. కాగితం మీద రెండు వరుసలు గీసుకుని, నిజమున్నదాన్ని ఒకవైపు, లేనిదాన్ని ఒకవైపు రాసుకున్నాక టెన్షన్ సగం తగ్గింది. మీరూ అలా రాసి చూడండి.

3. పేరు పెట్టి ప్రార్థించండి

"ప్రభువా, ఆమె మనసు మార్చు" అనేది ప్రార్థన కాదు, ఫిర్యాదు. వాళ్ల మోకాళ్ల నొప్పుల కోసం, పిల్లల ఉద్యోగాల కోసం అడగండి. మోషేను అతని సొంత అక్క మిర్యామే విమర్శించింది. ఆమెకు కుష్ఠు వచ్చినప్పుడు, బాగుచేయమని దేవునికి మొరపెట్టింది ఆ మోషేయే (సంఖ్యాకాండము 12).

4. చిన్న మేలు ఒకటి చేయండి

శత్రువు ఆకలిగా ఉంటే భోజనం పెట్టమన్నాడు పౌలు (రోమా 12:20). పెద్ద పనులేం అక్కర్లేదు. ఆ పెద్దావిడకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు నేను క్యారేజీలో చారు, అన్నం పట్టుకెళ్లాను. ఆమె విమర్శించడం మానలేదు. ఆమెకు ఎదురుపడకుండా పక్క గుమ్మంలోంచి వెళ్లడం నేను మానాను.

5. మాట్లాడాల్సి వస్తే ఒంటరిగా మాట్లాడండి

మత్తయి 18:15 చెప్పే పద్ధతి ఇదే: ఇద్దరే ఉన్నప్పుడు. "అందరి ముందు అన్నందుకు బాధపడ్డాను పిన్నీ" అని చెప్పడం దయకు విరుద్ధం కాదు. అయితే ఇంట్లో కొట్టడం, రోజూ బెదిరించడం విమర్శ కిందికి రావు. అలాంటిచోట దయ పేరుతో ఓర్చుకోకండి. నమ్మదగినవారికి చెప్పి, భద్రమైన చోటికి వెళ్లండి.

6. లెక్క దేవునికి అప్పగించండి

దావీదు కథలో నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది చివరి భాగం. యొర్దాను దగ్గర షిమీ కాళ్ల మీద పడితే, నువ్వు చావవని దావీదు ప్రమాణం చేశాడు. కానీ మరణశయ్య మీద కొడుకు సొలొమోనును పిలిచి, వాణ్ణి వదలొద్దని చెప్పాడు (1 రాజులు 2). అన్నేళ్లూ ఆ రాళ్ల దెబ్బ అతనిలో ఎక్కడో మిగిలే ఉందనిపిస్తుంది. యేసు మాత్రం దూషించినవారికి బదులు చెప్పకుండా, న్యాయంగా తీర్పు తీర్చే దేవునికే తన్ను అప్పగించుకున్నాడని పేతురు రాశాడు (1 పేతురు 2:23).

పాత మాట గుర్తొచ్చి మళ్లీ మండినప్పుడు, నేను క్షమించలేదేమోనని కుంగిపోకండి. "దేవా, ఇది నీ చేతిలో పెట్టాను" అని మళ్లీ చెప్పండి. రేపు గుర్తొస్తే రేపూ చెప్పండి. ఆ సంగతిని మీ పిల్లల ముందు మాత్రం తిరగదోడకండి.