వాషింగ్ మెషీన్ కొనేముందు టబ్ గురించి అడగండి

షోరూమ్‌లో అడుగుపెట్టగానే మోటార్ మీద 10 ఏళ్ల వారంటీ అన్న స్టిక్కర్ చూపిస్తారు. దానికి మురిసిపోకండి. వేగాన్ని ఎలక్ట్రానిక్‌గా మార్చుకునే ఈ ఇన్వర్టర్ మోటార్ పాడవడం తక్కువే, అందుకే అంత ధైర్యంగా ఇస్తారు. ఈ మధ్య మెషీన్లు మూలపడేది ఎక్కువగా డ్రమ్ సాఫీగా తిరగడానికి ఉండే బేరింగ్ దగ్గరో, మెషీన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు దగ్గరో. వాటికి ఎన్నేళ్లన్నది వారంటీ కార్డులో చిన్న అక్షరాల్లో ఉంటుంది, మామూలుగా రెండేళ్లే.

అసలు చూడాల్సింది టబ్. ఫ్రంట్ లోడ్‌లో బట్టలు తిరిగే స్టీల్ డ్రమ్ చుట్టూ, నీళ్లు నిలిచే ప్లాస్టిక్ టబ్ ఒకటుంటుంది. ఇదివరకు దాన్ని రెండు సగాలుగా చేసి, మధ్యలో రబ్బరు పెట్టి స్క్రూలతో బిగించేవారు, వెనక నీళ్లని ఆపే రబ్బరు రింగు, అదే ఆయిల్ సీల్, అరిగి బేరింగ్‌లోకి నీళ్లు దిగితే మెకానిక్ టబ్ విప్పి ఆ రెండూ మార్చి మళ్లీ బిగించేవాడు. ఇప్పుడు చాలా మోడళ్లలో ఆ సగాల్ని వేడితో అతికించేస్తున్నారు. వందల్లో దొరికే బేరింగ్ పోతే టబ్, డ్రమ్ కలిపి మొత్తం సెట్టు మార్చమంటారు, ఆ రేటు విన్నాక ఎవరైనా ఎక్స్ఛేంజ్ ఆఫర్ వైపే చూస్తారు. యూరప్‌లో 2021 మార్చి నుంచి మోడల్ ఆపేశాక కూడా 10 ఏళ్లు స్పేర్ పార్టులు దొరకాలని రూల్ పెట్టారు గానీ, అందులోనూ డ్రమ్, బేరింగ్ విడిగా ఇచ్చినా సరే, కలిపి ఇచ్చినా సరే అని రాశారు. ఇంకేముంది!

మరి తెలుసుకోవడం ఎలా? సేల్స్‌మన్‌ని అడిగి లాభం లేదు. మోడల్ నంబర్ రాసుకుని మీ వీధిలో మెషీన్లు బాగుచేసే మెకానిక్‌కి చూపించి, "దీనికి బేరింగ్ విడిగా వస్తుందా, టబ్ సెట్టే కొనాలా?" అని ఒక్క మాట అడగండి. ఆన్‌లైన్‌లో ఆ మోడల్ స్పేర్లు వెతికితే సెట్టు తప్ప బేరింగ్, సీల్ కనబడకపోతే అతికించిన టబ్ అని అనుమానించాల్సిందే. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో పెట్టిన, కంపెనీల రిపేరు, స్పేర్ల వివరాలు ఉండే రైట్ టు రిపేర్ పోర్టల్‌ కూడా ఒకసారి చూడండి.

టాప్ లోడ్ అయితే కింద ఎలుకలు దూరకుండా జాలీ ఉందో లేదో వంగి చూడండి, ఎలుక వైర్లు కొరికితే వారంటీలో రాదు. అద్దె ఇల్లు, బోరు నీళ్లు, కరెంటు వస్తూ పోతూ ఉండే ఊరు అయితే నా ఓటు సెమీ ఆటోమేటిక్‌కే. తిప్పే టైమర్ ఉన్నదైతే అది పోయినా మార్చుకోవడం తేలిక. అలాగని పాతవన్నీ బంగారం అనను, నీళ్లూ కరెంటూ ఆ పాత మెషీన్లు బాగానే తాగేవి.

ఇంట్లో ఉన్న ఫ్రంట్ లోడ్‌ని కాపాడుకోవాలంటే సర్ఫ్ తగ్గించండి, ఉతికాక తలుపు తెరిచి ఉంచండి. డ్రమ్ వెనక దాన్ని పట్టి ఉంచే మూడు కాళ్ల స్పైడర్ ఉంటుంది, మామూలుగా అల్యూమినియంది, సబ్బు జిడ్డు, తడి కలిసి దాన్నే తినేస్తాయి.

బేరింగ్ చెక్ చేయడం మాత్రం చాలా సులువు. ప్లగ్ తీసేసి, ఖాళీ డ్రమ్‌ని చేత్తో మెల్లగా తిప్పుతూ చెవి దగ్గరగా పెట్టి వినండి, గరగరమంటే బేరింగ్ పోతున్నట్టే. తర్వాత డ్రమ్ లోపలి అంచు పట్టుకుని పైకెత్తి చూడండి. టబ్ మొత్తం స్ప్రింగుల మీద కదలడం మామూలే, టబ్ కదలకుండా డ్రమ్ ఒక్కటే ఊగితే ఇక ఆలస్యం చేయొద్దు. వెనక ప్లేటు విప్పించినప్పుడు బెల్టు తిప్పే చక్రం, అదే పుల్లీ, కింద తుప్పు చారలు కనబడితే సీల్ నుంచి నీళ్లు కారుతున్నట్టు. మెకానిక్ బేరింగ్ ఒక్కటి మారిస్తే చాలంటే ఒప్పుకోకండి, సీల్ కూడా కొత్తది వేయించండి, లేదంటే నీళ్లు మళ్లీ అదే దారిలో దిగుతాయి.